పందొమ్మిదో నంబరు ఎవరూ వేసుకోరు

పడమని అరిచింది నేనే. ఆ సంగతి ముందే ఒప్పుకుని మొదలుపెడితే నాకు కొంచెం తేలిగ్గా ఉంటుంది.

అల్ ఖోబర్ దాటి హాఫ్ మూన్ బీచ్ రోడ్డు పట్టుకుంటే, ఒకచోట ఉప్పు పేరుకుని సిమెంటులా బిగుసుకుపోయిన పెద్ద ఖాళీ నేల కనిపిస్తుంది. చలికాలం వచ్చిందంటే శుక్రవారం తెల్లవారేసరికి పది పన్నెండు క్రికెట్ జట్లు అక్కడ చాపలు పరిచేస్తాయి. జుమ్మా నమాజుకు పోయేవాళ్ళుంటారు కాబట్టి పదిన్నరకల్లా ఆట ముగించాలి. మా జట్టు పేరు శుక్రవారం లెవెన్. దానికి కెప్టెన్ని నేనే, సెక్రటరీని నేనే, బహుమతులప్పుడు మైకు పట్టుకునేదీ నేనే. పేరు సదానందం. మాది మెట్‌పల్లి దగ్గర. ఇక్కడ ఏసీ డక్టులు, అంటే గాలి పోయే రేకు గొట్టాలు బిగించే పని. మైకు చేతికొస్తే మాత్రం నేను ఎవరి మాటా వినను. మా ఆవిడ ఉమాదేవి పెళ్ళైన కొత్తలోనే ఈ మాట అంది, అప్పుడు నవ్వుకున్నాను.

బుచ్చన్న మా జట్టు బౌలరు. వయసు నలభై మూడు. నా కంటే అయిదేళ్ళు పెద్ద. మొదటి ఏడాది దమ్మామ్‌లో ఒక షాపువాడు ఎవరో వద్దన్న ఫుట్‌బాల్ బనీన్లు మాకు చవగ్గా అంటగట్టాడు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు దాకా నంబర్లు ముందే అచ్చయి ఉన్నాయి. బుచ్చన్న చేతికి పందొమ్మిది వచ్చింది. తొమ్మిదేళ్ళుగా అదే. తొమ్మిది అడుగులు పరుగెత్తి వచ్చి, చెయ్యి చెవికి ఆనించి బంతి వేస్తాడు. ఆయన బంతి వేస్తుంటే అవతలి జట్టువాళ్ళు కూడా ఫోన్లు పక్కన పెట్టి చూసేవాళ్ళు.

నవంబరు మొదటి శుక్రవారం మలయాళీల జట్టుతో ఆట. మూడు బంతులు మిగిలాయి, వాళ్ళకు ఏడు కావాలి, చేతిలో ఉన్నది ఒకటే వికెట్టు. బంతి గాల్లోకి లేచింది. దాని కింద బుచ్చన్న ఉన్నాడు, కానీ రెండు గజాలు ఎడం. నిలబడి ఆపితే ఒక పరుగు పోతుంది, అంతే. నేను గొంతు చించుకున్నాను.

"పడు బుచ్చన్నా! పడు!"

ఆ నేల మీద పాతికేళ్ళ కుర్రాళ్ళే పడరు. ఆయన పడ్డాడు. క్యాచ్ పట్టాడు. మేం గెలిచాం. అందరం పరుగెత్తుకుంటూ పోయి ఆయన మీద పడ్డాం. అప్పటికే ఆయన కుడి భుజం పట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడని నేను తర్వాత ఫోటోలో చూశాను.

* * *

ఖోబర్‌లో ఒక చిన్న క్లినిక్కుకు సొంత డబ్బులతో పోయాం. కంపెనీ ఇన్సూరెన్సు కార్డు గీకితే రిపోర్టు నేరుగా ఆఫీసుకు పోతుంది. డాక్టరు చెయ్యి పట్టుకుని పక్కకు లేపాడు. భుజం ఎత్తు దాకా లేచి ఆగిపోయింది. ఆపైన ఆయన లేపబోతే బుచ్చన్న పళ్ళు బిగించాడు. లోపల కండరం తెగింది, ఆపరేషన్ చెయ్యాలి, ఆరు నెలలు బరువు ముట్టకూడదు అన్నాడు డాక్టరు.

క్యాంపులో మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం. అందులో ముగ్గురం ఒకే గ్యాంగు: బుచ్చన్న, నేను, సిరిసిల్ల లక్ష్మణ్. నాలుగో అతను హాయిల్ సైటుకు బదిలీ అయిపోయాడు, ఆ మంచం మీద మేం బియ్యం బస్తా పెట్టుకున్నాం. ఆ మధ్యాహ్నం అన్నం వండకుండా కూర్చున్నాం.

"ఆఫీసుల జెప్తె ఏమైతది? కార్డు మీద ఆపరేషన్ చేపిస్తరు గద," అన్నాడు లక్ష్మణ్.

"పనిల వడితె చేపిస్తరు. ఆటల వడితె ఖురూజే," అన్నాడు బుచ్చన్న. ఖురూజంటే ఎగ్జిట్. తిరిగి రాని టికెట్టు.

మార్చి పదో తారీఖుకు ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, కాంట్రాక్టు రెండూ రెన్యూవల్‌కు వస్తాయి. మెడికల్ అంటే రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. భుజం ఎత్తమని ఎవరూ అడగరు. ఆ పదో తారీఖు దాటిందంటే ఇంకో రెండేళ్ళు ఖాయం. అప్పుడు దర్జాగా కార్డు మీద ఆపరేషన్ చేయించుకోవచ్చు. బుచ్చన్న బిడ్డ సరళ కరీంనగర్‌లో నర్సింగు చదువుతోంది. ఆమె చదువుకు కూడా మిగిలింది సరిగ్గా రెండేళ్ళే.

"నాల్గు నెలలు దాసుకుంటె సాలు తమ్మీ," అన్నాడు బుచ్చన్న నాతో. "సరళకు చెప్పకురి. అంజవ్వకు అసలే చెప్పకురి." అంజవ్వ ఆయన భార్య.

దాచాం. పైపని నేను, లక్ష్మణ్ చేసేవాళ్ళం. ఫాల్స్ సీలింగులోకి తల దూర్చి డక్టు ముక్కలు ఎత్తి బిగించడం మా వంతు. బుచ్చన్న కింద కూర్చుని ఎడమ చేత్తో షీటు కత్తిరించేవాడు, నిచ్చెన పట్టుకునేవాడు. కుడి చెయ్యి ఎప్పుడూ జేబులోనే. చూసేవాళ్ళు అదొక స్టయిలు అనుకోవాలి. బట్టలు నేను పిండేవాణ్ని. తల లక్ష్మణ్ దువ్వేవాడు. దువ్వుతూ దువ్వుతూ వాడు పాపిట మార్చేస్తే, "నన్ను పెండ్లికొడుకును జేస్తున్నవారా?" అని బుచ్చన్న కసిరేవాడు. నవ్వేవాళ్ళం కూడా. ఆ చలికాలంలో మా గదిలో నవ్వు లేదని చెబితే అబద్ధం.

జనవరిలో ఒక స్కూల్లో పని చేస్తుంటే ఫోర్మన్ షాబాజ్ చెప్పా పెట్టకుండా వచ్చాడు. పెషావర్ మనిషి. మంచివాడే కానీ అందర్నీ కంపెనీ నంబరుతో పిలుస్తాడు.

"చవ్వాలీస్ సత్రా! నీచే క్యా కర్ రహా హై? ఊపర్ జా."

నలభై నాలుగు పదిహేడు అంటే బుచ్చన్న. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. జేబులోంచి చెయ్యి తీసి నిచ్చెన ఎక్కాడు. ఒక్కో మెట్టూ ఎడమ చేత్తో పట్టుకుంటూ, కుడి చెయ్యి ఊరికే ఆనించి. పైన డక్టు అంచు ఎడమ అరచేత్తో ఎత్తి, నెత్తితో ఆనించి నిలబడ్డాడు. ముక్కు చివర నుంచి చెమట బొట్లు షాబాజ్ బూట్ల పక్కన పడుతున్నాయి. ఇంకొక నిమిషం గడిస్తే డక్టు ఆయన మీదే పడేది. లక్ష్మణ్ చేతిలో ఉన్న డ్రిల్ మిషను ధబ్బున నేల మీద వదిలేశాడు. షాబాజ్ వాడి మీద విరుచుకుపడ్డాడు. ఆ తిట్ల సందులో నేను పైకెక్కి డక్టు కింద భుజం పెట్టాను.

డ్రిల్లు పాడైనందుకు లక్ష్మణ్‌కు వార్నింగ్ లెటరు వచ్చింది. వాడు దాన్ని చదవకుండానే మడిచి చెప్పుల కింద పెట్టుకున్నాడు.

* * *

పనిలో దాచడం ఒక ఎత్తు, ఆటలో దాచడం ఇంకో ఎత్తు. నడుం నొప్పని ఒక శుక్రవారం, జలుబని ఒక శుక్రవారం బుచ్చన్నను బయట కూర్చోబెట్టాను. తొమ్మిదేళ్ళలో ఒక్క ఆట మానని మనిషి. జట్టులో ఇద్దరు మా కంపెనీ ఆఫీసులో పనిచేసేవాళ్ళు. ఒకసారి వాళ్ళలో ఒకడు, "బుచ్చన్న చెయ్యి ఎందుకో అదో మాదిరిగా పెట్టుకుంటున్నాడు సదన్నా," అన్నాడు. నేను మాట మార్చేశాను.

ఆ రోజు మధ్యాహ్నం ఖాజావలి హోటల్లో అందరం బిర్యానీకి కూర్చున్నాం. ఖాజావలిది ప్రొద్దుటూరు. మొదటి ఏడాది తర్వాత జట్టుకు బనీన్లు కుట్టించేది, నీళ్ళ పెట్టెలు పంపేది ఆయనే. మాతో పాటు ఉదయకిరణ్ ఉన్నాడు. కాకినాడ కుర్రాడు, ఇంజనీరు, జట్టు స్కోర్లన్నీ లాప్‌టాప్‌లో ఎక్కిస్తుంటాడు. వాళ్ళ బాసు అమెరికా ఆయన. ఆయన నోట బేస్‌బాల్ తప్ప ఇంకో మాట రాదట.

"బేస్‌బాల్‌లో గొప్ప ప్లేయర్ మానేస్తే ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వరండి," అన్నాడు ఉదయకిరణ్. "స్టేడియం గోడ మీద పెట్టేస్తారు. ఒకాయన నంబరైతే దేశంలో ఏ టీమూ వేసుకోదండి. నల్లవాళ్ళని ఆడనివ్వని రోజుల్లో మొదట దిగినాయనంట."

"యాల? ఇంకోడు యేసుకుంటే అరిగిపోతాదా?" అన్నాడు ఖాజావలి గరిటె పట్టుకునే.

"అది గౌరవమండి. ఆ నంబర్ చూస్తే ఆయనే గుర్తు రావాలి."

ఇక మొదలైంది. మనమూ ఒకరికి అలా చేద్దామంటే చేద్దామన్నారు. ఎవరికి అన్న దగ్గర మాత్రం బిర్యానీ చల్లారిపోయింది. ఉదయకిరణ్ లెక్క ప్రకారం ఇదివరకు మాతో ఆడిన బాబావలికి ఇవ్వాలి. పరుగులన్నీ ఆయనవే, సెంచరీ కొట్టింది ఆయనొక్కడే.

"కొట్టి ఏంజేసిండు? పాకిస్తానోళ్ళు బూట్లు కొనిస్తమంటె ఆళ్ళ దాంట్లకు వోయిండు," అన్నాడు లక్ష్మణ్.

"నంబరియ్యాలంటే అనీస్‌కు ఇయ్యాల," అన్నాడు ఖాజావలి. "జెద్దాకు పోయేదాక నాలుగేండ్లు మీ అందర్నీ బండిలో యేసుకొని తిప్పె. ఆ బండి లేకుంటే మీరు గ్రౌండుకు యాడ పోదురు?"

"అనీస్ గారు ఎప్పుడూ పది దాటలేదు కదండీ."

"పది దాటకుంటే యేమప్పా, రోడ్డు దాటించినాడు గదా!"

అందరూ నవ్వారు. అప్పుడు లక్ష్మణ్ ఎముక పక్కన పెట్టి ఒక మాట అన్నాడు. వాడు ఎక్కువ మాట్లాడడు.

"ఓడిపోతున్నప్పుడు అందరం ఎవ్వని దిక్కు సూత్తమో, ఆయినకు ఇయ్యాలె."

అందరూ మూలన ఎడమ చేత్తో స్పూను పట్టుకుని తింటున్న బుచ్చన్న వైపు చూశారు. ఆయన పెరుగు కోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

ఆ క్షణంలో నా బుర్రలో ఒక ఉపాయం వెలిగింది. వెలిగింది అనే అనుకున్నాను ఖర్మ. బుచ్చన్న ఆటకు రిటైర్మెంట్ ఇస్తున్నాడని చెప్పి, శాలువా కప్పి, నంబరు గోడకు తగిలిస్తే ఇంకెవరడుగుతారు ఎందుకు ఆడటం లేదని? నొప్పి మీదికి ఎవరి కన్నూ పోదు. మర్యాదగా బయటపడతాడు.

గదికి వచ్చాక చెబితే బుచ్చన్న తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు.

"మంచిగనే ఉంది గని, సన్మానమంటె దండం పెట్టాలె గదనే. చెయ్యి లేవాలె."

"ఛాతీ దాకా లేస్తే చాలన్నా. దండం అక్కడే పెడతం."

దుప్పటిని శాలువా చేసి రిహార్సల్ వేశాం. ఎడమ పక్క నుంచి కప్పాలి, కుడి భుజం మీద బరువు పడకూడదు. దండ మెళ్ళో వేయొద్దు, చేతికివ్వాలి. లక్ష్మణ్ దుప్పటి కప్పి సన్మానించినట్టు వంగితే బుచ్చన్న పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "ఏమీ లేకుంటనే ఇన్ని చేస్తున్నరు, నేను సచ్చినంక ఇంకేం జేస్తరు రా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను. ఆ వెలుగు చూసే నేను ఇంకో అడుగు ముందుకేశాను.

సన్మానమన్నాక ముఖ్య అతిథి ఉండాలి. లేకపోతే అది సన్మానమే కాదు, నలుగురు కలిసి గుడ్డ కప్పడం. ఎప్పుడూ వచ్చే తెలుగు సంఘం పెద్దాయన ఇండియాకు పోయాడు. నేను మా కంపెనీ అడ్మిన్ మహబూబ్ సుభాని సారుకు ఫోన్ చేశాను. కర్నూలాయన. రెన్యూవల్ లిస్టు తయారుచేసేది ఆయనే. పెద్దమనిషికి ఒక శాలువా మనమూ కప్పితే, లిస్టులో బుచ్చన్న పేరు దగ్గర చల్లగా సంతకం పెడతాడని నా లెక్క.

"పిలిసినవ్ గని, నీకు భయమైతలేదా?" అన్నాడు లక్ష్మణ్.

"కూర్చుంటడు, శాలువా కప్పించుకుంటడు, పోతడు. నువ్వు గమ్మునుండు," అన్నాను.

* * *

ఫిబ్రవరి మూడో శుక్రవారం. గాలి లేదు, ఎండ ఇంకా ముదరలేదు. నాలుగు జట్లవాళ్ళు ఆటలు ఆపుకుని వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు, బ్యాటరీ స్పీకరు, పూలదండ, రెండు శాలువాలు. ఖాజావలి పందొమ్మిదో నంబరు బనీనుకు అద్దం కట్టించి తెచ్చాడు.

నేను మైకు పట్టుకున్నాను. బాగా మాట్లాడాను, ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. తొమ్మిదేళ్ళ ఆటలు ఒక్కొక్కటే గుర్తు చేశాను. మలయాళీలకు అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు. సుభాని సారు శాలువా ఎడమ పక్క నుంచే కప్పాడు, అలా వచ్చేట్టు నేనే నిలబెట్టాను. ముదురు ఎరుపు శాలువా, బంగారు అంచు. బుచ్చన్న ఛాతీ దగ్గరే దండం పెట్టాడు. అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగాయి. "ఈ రోజు నుంచి మన జట్టులో పందొమ్మిదో నంబరు ఇంకెవరూ వేసుకోరు," అని నేను ప్రకటించాను. బుచ్చన్న కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడితో అయిపోవాల్సింది.

ఉదయకిరణ్ కొత్త బంతి ఒకటి తీసుకుని ముందుకొచ్చాడు.

"బేస్‌బాల్‌లో ఆ రోజు ఆయన చేతనే ఒక బాల్ వేయిస్తారండి! ఒక్కటి, ఒక్క బాలే!"

"బుచ్చన్నా! బుచ్చన్నా!" జనం పట్టుకున్నారు.

ఉదయకిరణ్‌కు ఏమీ తెలియదు, వాణ్ని అనేది లేదు. మైకు నా చేతిలో ఉంది. వద్దు, టైమైంది, నమాజుకు పోవాలి అని ఒక్క మాటంటే చాలు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చప్పట్లు, నాలుగు జట్ల జనం, స్పీకర్లో నా గొంతు. నా నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

"రావాలి, రావాలి! మన పందొమ్మిదో నంబరు, ఆఖరి బంతి!"

బుచ్చన్న నా వైపు చూశాడు. ఓడిపోతున్నప్పుడు మేమందరం ఆయన వైపు చూసేవాళ్ళం. ఆ రోజు ఆయన నా వైపు చూశాడు. నేను మైకులో ఇంకేదో అంటున్నాను, ఏమన్నానో గుర్తు లేదు.

శాలువా తీసి లక్ష్మణ్ చేతికిచ్చాడు. బంతి ఎడమ చేత్తో అందుకుని కుడి చేతికి మార్చుకున్నాడు. తొమ్మిది అడుగులు వెనక్కి నడిచాడు. కింద నుంచి విసిరేసి నవ్వేస్తే అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు. ఆయన అలాంటివాడు కాదు. పరుగెత్తాడు. ఆ పరుగు పాత పరుగే. చెయ్యి భుజం దాకా లేచింది. అక్కడ ఆగింది. బంతి ఆయన కాలి దగ్గరే పడి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు, నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది, కుక్కపిల్ల తోక తొక్కితే వచ్చేట్టు.

ఎవరో నవ్వారు. తమాషా చేస్తున్నాడనుకుని. చుట్టూ పాతిక ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

నేను సుభాని సారు వైపు చూశాను. ఆయన మామిడి రసం డబ్బాలో స్ట్రా గుచ్చబోతూ ఆగిపోయాడు.

* * *

ఆదివారం ఆయన నన్ను ఆఫీసుకు పిలిచాడు. బుచ్చన్నను కాదు, నన్ను. ఆయన బల్ల మీద లిస్టు ఉంది. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. ఏమైందని అడిగితే నేను చెప్పేశాను. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఈడ చూడు, ఒక్కో పేరు కాడ నేను రాసియ్యాల, పైపనికి పనికొస్తాడని. మొన్నటి దాక నాకు తెల్దు, రాసేటోణ్ని. ఇప్పుడు యెట్ల రాయాల? బడిలో ఆ డక్టు పిల్లోళ్ళ నెత్తిన పడితే?"

"సార్, ఇంకో మూడు వారాలే సార్. రెన్యూవల్ అయితే ఆపరేషన్ చేయించుకుంటడు సార్."

ఆయన లిస్టు మడిచి పక్కన పెట్టాడు.

"నన్నెందుకు పిలిస్తిరప్పా?" అన్నాడు. కోపంగా అనలేదు. "ఆ కుర్చీలో ఇంకెవర్నన్నా కూర్చోబెట్టకపోతిరా?"

టీ తాగకుండా వచ్చేశాను.

గదికి వచ్చేసరికి బుచ్చన్న ఫోన్లో ఉన్నాడు. వీడియో మెట్‌పల్లి చేరి, కోరుట్ల చేరి, కరీంనగర్ హాస్టలుకు కూడా చేరింది. నేను గుమ్మంలో నిలబడే విన్నాను, సరళ గొంతు స్పీకర్లో వస్తోంది.

"నాయినా, అందరు శాలువా సూసిండ్రు, నేను నీ జబ్బ సూసిన. ఎన్ని నెలలాయె గట్ల?"

"ఏం లేదు బిడ్డా, జర పట్టేసింది."

"నాకే జెప్తున్నవా? మొన్ననే సదివిన నేనది. నాలుగు నెలలు దాటితె ఆపరేషన్ జేసినా పూర్తిగ లేవది నాయినా. ఎవ్వల కోసం దాసినవ్?"

బుచ్చన్న ఫోను మంచం మీద బోర్లా పెట్టాడు. అవతల సరళ ఇంకా "నాయినా, నాయినా" అంటూనే ఉంది. నన్ను చూశాడు. సుభాని సారు ఏమన్నాడని అడగలేదు.

"సారును నువ్వే పిలిసినవని నాకెర్కే," అన్నాడు. "మంచికే పిలిసినవ్. బియ్యం కడుగు పో."

తిడితే బాగుండేది. ఒక్కటి పీకినా బాగుండేది, ఎడమ చేత్తోనైనా.

మార్చి రెండో వారంలో ఎగ్జిట్ కొట్టారు. సరళ చదువు మానేసి జగిత్యాల్లో ఒక ల్యాబులో చేరిందని తర్వాత విన్నాం. ఎవరూ మానమనలేదట, తనే మానిందట.

పోయే ముందు బుచ్చన్న నన్ను ఒకటే అడిగాడు. ఆ బనీను ఇస్తావా, ఇంట్ల పెట్టుకుంట అని. నేను ఖాజావలి హోటలుకు పరుగెత్తాను. గల్లా పెట్టె పైన, కాబా ఫోటోకు కొంచెం కింద తగిలించి ఉంది. ఖాజావలి స్టూలెక్కి మేకు నుంచి ఫ్రేము తీస్తుంటే వెనకాలే బుచ్చన్న వచ్చాడు. దాని వైపు కాసేపు చూశాడు.

"ఉండనీయ్ భాయ్. ఈడ దానికైన రెన్యూవల్ అయింది," అన్నాడు.

ఖాజావలి స్టూలు మీదే నిలబడి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

ఏప్రిల్లో కొత్త మనిషి వచ్చాడు. ధర్మపురి దగ్గరి కుర్రాడు. బుచ్చన్న మంచమే ఇచ్చారు, ఆయన కంపెనీ నంబరే ఇచ్చారు. మొదటి రోజు సైటులో షాబాజ్, "చవ్వాలీస్ సత్రా!" అని కేక వేస్తే నేనూ లక్ష్మణూ ఒకేసారి వెనక్కి తిరిగాం. ఆ కుర్రాడు చెయ్యెత్తి, "హాఁ సార్!" అన్నాడు. చెయ్యి నిటారుగా లేచింది. వాడు శుక్రవారం గ్రౌండుకు కూడా వస్తానంటున్నాడు. నేను ఇంకా పోవడం లేదు. మైకు ఉదయకిరణ్‌కు ఇచ్చేశాను.

ఎయిర్‌పోర్టు సంగతి చెప్పి ముగిస్తాను. అది ముందే చెప్పాల్సింది, చెప్పలేక దాటేశాను.

కంపెనీ వ్యాను మమ్మల్ని దమ్మామ్ ఎయిర్‌పోర్టు బయట పగటిపూట దింపింది. లక్ష్మణ్‌కు సెలవు దొరకలేదు, నేనొక్కణ్నే వెళ్ళాను. ట్రాలీ మీద పెట్టె పెట్టాను. బుచ్చన్న అలవాటు ప్రకారం కుడి చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. అద్దాల తలుపు దాకా పోయాం. అక్కడ ఆగి, భుజాన వేలాడుతున్న సంచీలోంచి ఆ శాలువా తీశాడు. ఎర్రది, బంగారు అంచుది.

"కట్టు తమ్మీ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మెడకు కట్టు, చెయ్యి అండ్ల పెడత. నాలుగు నెలలాయె, గుంజుతంది. ఇంక ఎవ్వలకు దాసేది ఉన్నది?"

జేబులోంచి చెయ్యి తీశాడు. ఎడమ చేత్తో దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి మడిచి పట్టుకున్నాడు. శాలువా దాని కిందుగా తీసుకెళ్ళి, మెడ వెనక ముడి వేశాను. నున్నటి బట్ట, ముడి జారిపోయింది. మళ్ళీ వేశాను.

"గట్టిగ కట్టు. అల్కగ కట్టినవని సరళ తిడ్తది."

గట్టిగా కట్టాను. చెయ్యి అందులోకి దిగగానే ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. నవంబరు నుంచి ఆ ఊపిరి లోపలే పట్టుకుని ఉన్నాడనిపించింది. ముఖం కూడా తేటపడింది. నాకు అది చూడటమే కష్టమైంది.

"పోత మరి," అన్నాడు. ట్రాలీని ఎడమ చేత్తో తోసుకుంటూ తలుపు దాటాడు. లోపలికి పోయాక వెనక్కి తిరిగి నా కోసం వెతికాడు. కుడి చెయ్యి శాలువాలో ఉంది. ఎడమ చెయ్యి ట్రాలీ మీద ఉంది, వదిలితే పెట్టె జారిపోతుంది.

చెయ్యి నేనే ఊపాను.